చార్లెసు గుడియరు: రబ్బరునకు చలియు వేడియు నోర్చు గుణము నిచ్చిన మహాశయుడు

పలక విడిచి కాగితముపై వ్రాయ మొదలిడిన ప్రతి బాలుని పెట్టెలోను చిన్న రబ్బరుముక్క యొకటి యుండును. పెన్సిలు గీతను తుడుచు నా ముక్కకును, మన యూరి బస్సుచక్రమునకు తొడిగిన టైరునకును పుట్టువు దాదాపు ఒక్కటే యని పిల్లలు చెప్పగలరు. కాని యీ పదార్థము నూటతొంబది సంవత్సరముల క్రిందట వేసవిలో జిగురై కారిపోవుచు, చలికాలమున రాయివలె బిగిసిపోవుచు నెందుకును కొరగాక యుండెనని వారిలో నెందరెరుగుదురు? దానిని దారికి దెచ్చుటకై యొక మనుష్యుడు తన యాస్తిని, ఆరోగ్యమును, ఆలుబిడ్డల సుఖమును ధారపోసెను. ఆయన పేరు చార్లెసు గుడియరు.

ఈ కథ నిప్పుడు తలచుటకు మరియొక కారణము గలదు. మన విద్యార్థులలో పలువుర యన్నలు, అక్కలు, మేనమామలు నేడు జర్మనీ, కెనడా మున్నగు శీతదేశములలో కాపురమున్నారు. అచ్చట చలి ముదురకమునుపే కార్ల టైర్లు విప్పించి వేరు జత తొడిగించుకొందురనియు, అట్లు చేయనివారితో బీమా సంఘములవారు పేచీ పెట్టవచ్చుననియు వారు ఫోనులో చెప్పునపుడు ఇంటి పెద్దలకు వింతగా దోచును. ఎండకు రోడ్డుమీది తారు కరగు సీమలో పుట్టినవారికి చలికై టైరు మార్చుట యేమో యెట్లు తెలియును? ఆ వింతకు మూలము గుడియరు జీవితములోనే యున్నది.

ఆయన 1800 సంవత్సరము డిసెంబరు 29వ తేదీని అమెరికా సంయుక్తరాష్ట్రములలోని కనెక్టికటు రాష్ట్రమున న్యూహేవెను పట్టణమున జన్మించెను. తండ్రి అమాసా గుడియరు ఇనుపసామాను వర్తకుడు. బొత్తాములు చేయించెను, రైతులకు పనికివచ్చు పనిముట్లను కొత్తరీతిగా మలచెను. కుమారునకు నూతన వస్తుకల్పనయందలి మోజు పిత్రార్జితముగా సంక్రమించినదే. పదునేడవయేట చార్లెసు ఫిలడెల్ఫియా నగరమునకు పోయి ఇనుపసామాను వ్యాపారమును నేర్చి, పిదప తండ్రితో భాగస్థుడయ్యెను. 1824లో క్లారిస్సా బీచరను నామెను వివాహమాడెను. 1826లో ఫిలడెల్ఫియాలో సొంత దుకాణము దెరచెను. కొన్నియేండ్లు బాగుగనే నడచినది. తరువాత దేహారోగ్యము చెడెను, అరువిచ్చిన సొమ్ము రాకుండెను, 1830 ప్రాంతమున దుకాణము మునిగెను. ఆ కాలపు చట్టము ప్రకారము అప్పు తీర్చలేనివానిని చెరసాలలో నుంచెడివారు. గుడియరునకు ఋణస్థుల చెరసాల అప్పటినుండి చిరపరిచిత గృహమయ్యెను.

ఇక రబ్బరు సంగతి. దక్షిణ అమెరికాలోని అమెజాను అడవులలో నొక చెట్టు కలదు. దాని బెరడును గీసిన పాలు కారును. అచ్చటి యాదిమవాసులు ఆ పాలను పొగలో నారబెట్టి పాదరక్షలును సీసాలును చేసికొనుచుండిరి. ఆంగ్లేయులు దీనికి ఇండియా రబ్బరని పేరిడిరి; అందలి ఇండియా మనది గాదు, కొలంబసు పొరపాటున ఇండియా యనబడిన పడమటి సీమ; రబ్బరనగా రుద్దునది, పెన్సిలు గీతలను రుద్ది చెరపుటకు మొదట వాడిరి గనుక. 1830 తరువాత అమెరికాలో దీనిపై నొక వెర్రి పుట్టెను. నీరు చొరని బూట్లు, కోట్లు చేయుటకై కంపెనీలు లేచినవి, జనులు వాటాలు కొనిరి. మొదటి చలికాలమున బూట్లు కొయ్యవలె బిగిసెను. మొదటి వేసవిలో కరగి దుర్వాసన గొట్టెను. కొన్నవారు తిరిగి తెచ్చి పారవైచిరి.

1834లో గుడియరు న్యూయార్కు వీధిలో పోవుచు రాక్సుబరీ ఇండియా రబ్బరు కంపెనీవారి దుకాణములో నీటిపై తేలుటకు గాలి నింపు తొడుగు నొకదానిని జూచెను. దాని గాలిమూత బాగులేదని తోచి, మెరుగైన మూత నొకటి కల్పించి కొనిపోయి చూపెను. దుకాణపు మేనేజరు మూతను మెచ్చెను గాని, సరకే కరగిపోవుచుండగా మూత యెందుకని తమ గోడు చెప్పుకొనెను. వేలకొలది డాలర్ల సరకు తిరిగి రాగా, వాసన భరింపలేక గోయి త్రవ్వి పూడ్చిరట. మరియొకడైన ఆ మాట విని యింటికి పోయి వేరు పని చూచుకొనును. గుడియరు ఆనాటినుండి యిరువదియారేండ్లు, అనగా మరణపర్యంతము, మరి దేనిని తలపెట్టలేదు. ఆయనకు రసాయనశాస్త్రము రాదు. చేతిలో ధనము లేదు. రాకున్నను లేకున్నను మొదలిడెను.

ఊరు చేరగానే మరల అప్పు క్రింద చెరసాల. అచ్చటనే మొదటి ప్రయోగములు చేసెను. భార్య ముడి రబ్బరును, ఇంటిలో పిండి నొత్తుకొను కర్రను తెచ్చియిచ్చెననియు, దానితో రబ్బరును పిసికి పలుచగా నొత్తుచు కూర్చుండెననియు చెప్పుదురు. జిగురు పోవుటకు పొడి యేదైన కలుపవలెనని తోచి మెగ్నీషియా కలిపెను. రబ్బరు తెల్లగా, చక్కగా నుండెను. విడుదలయై న్యూహేవెనులో ఆలుబిడ్డల సాయముతో వందలకొలది జోళ్లు కుట్టెను. వేసవి రాగా అవియన్నియు ముద్దయై పోయెను. పొరుగువారు వాసనకు మొరపెట్టిరి. న్యూయార్కు చేరి సున్నముతో నుడికించి చూచెను. కొంత నయముగా నుండెను గాని, పులుపు నీరొక్క చుక్క పడినంతనే ఆ గుణము పోవుచుండెను. నత్రికామ్లము తగిలిన రబ్బరునకు పైజిగురు పోవుట యొకనాడు కనిపెట్టి, 1837లో ఆ పద్ధతికి పేటెంటు పొందెను. ఆ యామ్లముతో పనిచేయుచు నొకమారు విషవాయువు పీల్చి చావు తప్పి బ్రతికెను. తోడునిలిచిన ధనికుడొకడు ఆ సంవత్సరమే దేశమున వచ్చిన ఆర్థికక్షోభములో దివాలా తీయగా, గుడియరు కుటుంబము స్టాటెను దీవిలో పాడుపడిన రబ్బరు కర్మాగారములో తలదాచుకొని, చేపలు పట్టుకొని తినుచు కాలము గడపినది.

తరువాత బోస్టను నగర ప్రాంతమునకు చేరెను. ఊబర్ను అను చోట నెథేనియలు హేవర్డను పనివాడు రబ్బరుతో గంధకము కలిపి యెండబెట్టుచుండెను. దానివలన పైజిగురు తగ్గుచుండెను. గుడియరు ఆ హక్కును కొనెను. ఇంతలో ప్రభుత్వ తపాలాశాఖవారు నూటయేబది సంచులు చేయుమని పని యొప్పగించిరి. చక్కని సంచులు చేసి, పిడులతో వ్రేలాడగట్టి, కొన్నాళ్లు ఊరు విడిచి పోయి వచ్చి చూచునప్పటికి పిడులు మాత్రము మేకులకు మిగిలి సంచులు నేలపై ముద్దలై పడియుండెను. పైపొర మాత్రమే బాగుపడినదనియు, లోపలి రబ్బరు ఎప్పటి రబ్బరే యనియు అప్పుడు తెలిసినది. ఇంతటితో స్నేహితులును విసిగిరి.

1839వ సంవత్సరపు చలికాలమున నా సంగతి జరిగినది. గంధకము కలిపిన రబ్బరుముక్క యొకటి కాలుచున్న ఇనుపపొయ్యికి తగిలెను. ఈ కథను కొందరు ఒక దుకాణమున జరిగినట్లును, కొందరు ఇంటిలో జరిగినట్లును చెప్పుదురు. ఎచ్చటనైన నేమి, ముడిరబ్బరు కరగవలసిన చోట ఈ ముక్క కరగక తోలువలె మాడెను. మాడిన దాని యంచున నొక సన్నని పట్టీ మాడకయు జిగురుగాకయు, సాగుచు నుండెను. చూచినవారు పట్టించుకొనలేదు. గుడియరు మాత్రము, ఆ మాడుటను తగిన చోట నాపగలిగిన, లోపలినుండి మొత్తము బాగుపడునని గ్రహించెను. దీనిని కేవలము అదృష్టమనుట ఆయనకు నచ్చెడిది కాదు. ఐదేండ్లుగా వెదకుచున్నవాని కన్నులకే అది యర్థమయ్యెను గదా.

ఆ రాత్రి ఆయన చేసిన పని మన కథకు కీలకము. ఆ ముక్కను వంటయింటి తలుపువెలుపల గడ్డకట్టు చలిలో మేకుతో గొట్టి విడిచెను. తెల్లవారి చూడగా అది బిగిసిపోక, వంచిన వంగుచు, సాగదీసిన సాగుచు నుండెను. వేడికిని చలికిని నొకేమారు మందు దొరకినది!

లోపల జరుగునది యిది. రబ్బరులోని యణువులు మిక్కిలి పొడవైన దారములవంటివి. వేడియందు అవి యొకదానిపై నొకటి జారి ముద్దయగును. చలియందు కదలక బిగిసికొనును. వేడియు గంధకమును కూడినపుడు గంధకపు పరమాణువులు దారమునకు దారమునకు నడుమ వంతెనలుగా నిలుచును. వల యల్లినట్లగును గనుక జారవు. లాగి విడిచిన మరల స్వస్థానమునకు వచ్చును. గుడియరునకు ఈ శాస్త్రమేమియు తెలియదు. ఆనాడు ఎవరికిని తెలియదు.

అయినను చలికి పూర్తిగా విరుగుడు కుదరలేదు. గంధకము పట్టిన రబ్బరు కూడ మిక్కిలి చలిలో కొంత కొంత బిగియును. ఎండకు అరగకుండునట్లు చేసిన వేసవి టైరు, వాతావరణము సుమారు ఏడు సెంటిగ్రేడు డిగ్రీలకు దిగినది మొదలు పట్టు కోల్పోవ నారంభించునని టైర్లు చేయువారి లెక్క. అట్టి టైరుతో మంచు రోడ్డుపై బ్రేకు వేసిన కారు ఆగవలసిన చోట నాగక జారిపోవును. శీతకాలపు టైరులో రబ్బరు మెత్తగా నుండునట్లు పాళ్లు మార్చుదురు. పైని సన్నని కోతలు వేలకొలది యుండి మంచును కరచిపట్టును. ఫిన్లాండు దేశమున నోకియా యను పట్టణపు కర్మాగారమువారు 1934లో లారీలకును, 1936లో కార్లకును ఇట్టి టైర్లు మొదట చేసిరి. ఇవే వేసవిలో నుంచిన త్వరగా అరగును, బ్రేకు పట్టును మందగించును. అందుచేతనే రెండు జతలు. గుడియరు తలుపునకు గొట్టిన ముక్క యెదుర్కొనిన పరీక్షయే నేటి ప్రతి శీతకాలపు టైరు నెదుర్కొనుచున్నది.

బీమా మాటకు వత్తము. పలువురు కొంచెము కొంచెముగా సొమ్ము కూడబెట్టి, తమలో నాపద పడినవానిని ఆదుకొనుటయే బీమా. సొమ్ము అందరిది గనుక, అజాగ్రత్త చూపినవానికి పూర్తిగా నిచ్చుట జాగ్రత్తపరులకు నష్టము. జర్మనీలో 2010 నుండి, రోడ్డుపై మంచో గడ్డకట్టిన నీరో యున్నపుడు తగిన టైర్లు లేక కారు నడుపరాదని చట్టము. తేదీల నిర్ణయము లేదు, రోడ్డు స్థితియే నిర్ణయము. జనులు మాత్రము అక్టోబరునుండి ఈస్టరు పండుగవరకు అని గుర్తుపెట్టుకొందురు. 2024 అక్టోబరునుండి మూడు శిఖరముల కొండయు మంచురవ్వయు గల గుర్తున్న టైర్లే అచ్చట చెల్లును. ఈ నియమము తప్పి ప్రమాదము చేసినను, ఎదుటివానికి కలిగిన నష్టమును బాధ్యతాబీమా చెల్లించును. దెబ్బతిన్నవాడు దిక్కులేనివాడు గాకూడదు గదా. కాని తన కారు మరమ్మతుకై తీసికొనిన బీమాలో, ఆ టైర్లవలననే ప్రమాదము జరిగినదనియు, అది ఘోరమైన నిర్లక్ష్యమనియు తేలినచో, సొమ్ము కొంత తగ్గింపబడవచ్చును. కెనడాలో తీరు వేరు. క్విబెక్కు రాష్ట్రమున 2008 నుండి చలికాలమున ఈ టైర్లు తప్పనిసరి. ఒంటారియోలో నిర్బంధము లేదు గాని, 2016 జనవరి 1వ తేదీనుండి శీతకాలపు టైర్లు వేసికొనినవారికి బీమా రుసుములో కొంత తగ్గింపు నీయవలెనని సంఘములను శాసించిరి. ఒకచోట బెత్తము, ఒకచోట బెల్లము. మనవారు ఆ దేశములకు పోవునపుడు టైర్లు కొన్న రసీదును భద్రపరచుకొనుట మంచిదని పెద్దలు చెప్పి పంపవచ్చును.

గుడియరు కథకు మరలుదము. కనుగొనుట యొక యెత్తు, దానిని స్థిరపరచుట యొక యెత్తు. ఎంత గంధకము, ఎంత వేడి, ఎంతసేపు? ఇది తేలుటకు మరి యైదేండ్లు పట్టెను. భార్య రొట్టెలు కాల్చుట ముగించిన వెంటనే ఆ పొయ్యిలో రబ్బరు పెట్టెడివాడు; కమ్మరి కొలిమి దగ్గర నిలిచెడివాడు; కర్మాగారముల వాకిళ్లకు పోయి ఆవిరి యంత్రము నొక పూట నడుపుకొననిండని ప్రాధేయపడెడివాడు. తుదకు ఒత్తిడిలో నుంచిన ఆవిరితో నాలుగైదు గంటలు వేడిచేసిన సమముగా పాకమునకు వచ్చునని తేల్చెను.

ఈ యైదేండ్లే ఇంటివారికి ఘోరమైనవి. ఇంటి సామాను ఒక్కొక్కటిగా కుదువకు పోయెను. ఒకనాడు పిల్లల పాఠపుస్తకములను సైతము అమ్మి ఐదు డాలర్లు తెచ్చెను. అప్పుకై మంచులో మైళ్లకొలది బోస్టనుకు నడచిపోయి, వట్టిచేతులతో మరలి వచ్చెను. పసిబిడ్డ యొకడు చనిపోగా సమాధిచేయుటకు చేతిలో పైకము లేకుండెను. ఇంతటి పట్టుదలను మెచ్చుకొనుటకు మన మనసు పోవును గాని, పుస్తకములు పోయిన యా పిల్లల ముఖములు తలపునకు వచ్చినపుడు కలము నిలిచిపోవును. తనకు తాను దరిద్రమును కోరుకొనుట యొకటి, నోరులేని బిడ్డలపై దానిని మోపుట మరియొకటి. ఆయనకు దైవవిశ్వాసము గాఢమైనది; తానీ పనికై నియమింపబడితినని నమ్మెను. క్లారిస్సా యేమి నమ్మెనో గ్రంథములలో తక్కువ. ఆమె పొయ్యియు, ఆమె గిన్నెలును, ఆమె చేతులును ఆ ప్రయోగములలో సగపాలు.

బావమరిది యగు విలియము డిఫారెస్టు వేలకొలది డాలర్లు అప్పిచ్చి నిలువబెట్టెను. 1844 జూను 15వ తేదీని అమెరికా పేటెంటు లభించినది. ఇంగ్లాండులో మాత్రము ఆలస్యమయ్యెను. ఆయన పంపిన మచ్చుముక్కలు థామసు హాంకాకు అను ఆంగ్లేయ రబ్బరు వర్తకుని కంటబడెను. వానిపై గంధకపు జాడను పసిగట్టిన హాంకాకు తానును శ్రమించి పాకము నెరిగి, 1843 నవంబరులో గుడియరుకంటె కొలది వారములు ముందుగా అచ్చట దరఖాస్తు పెట్టెను. రోమనుల అగ్నిదేవత యగు వల్కను పేరిట ఈ విధానమునకు వల్కనైజేషనను పేరు హాంకాకు మిత్రుడు పెట్టినదే. హాంకాకును దొంగ యందుమా? ఆతడు దశాబ్దములుగా రబ్బరుతో పనిచేసినవాడు, సమర్థుడు. న్యాయస్థానము ఆతని పేటెంటునే నిలిపెను.

స్వదేశమున గుడియరు 1852లో గొప్ప వ్యాజ్యము గెలిచెను. హోరేసు డే యను వర్తకునిపై నడచిన ఆ వ్యాజ్యములో, అప్పటికి రాజ్యకార్యదర్శి పదవిలో నున్న డేనియలు వెబ్‌స్టరు ఆయన పక్షమున వాదించెను. రుసుము పదునైదువేల డాలర్లు. ఆనాటికి అమెరికాలో ఏ న్యాయవాదియు పొందనంత మొత్తమని ప్రతీతి. గుడియరు తన కనుగొనిన విద్యపై ఇతరులనుండి పొందు పాలు అత్యల్పము. వచ్చిన దానిని వచ్చినట్లే మరల ప్రయోగములలో పోసెను. వర్తకమున ఆయన పసివాడనియే చెప్పవలెను.

రబ్బరు పిచ్చి ఎంత ముదిరెననగా, ఆయన టోపి, కోటు, మెడపట్టీ, జోళ్లు అన్నియు రబ్బరువే. గుడియరును గుర్తుపట్టుట యెట్లని యడిగినవానితో నొకడు, నిలువెల్ల రబ్బరు తొడిగి, జేబులో చిల్లిగవ్వయు లేని రబ్బరు సంచి పెట్టుకొని తిరుగువాడెవడో వాడే యని చెప్పెనట. 1851లో లండనునందలి మహాప్రదర్శనమున ముప్పదివేల డాలర్ల ఖర్చుతో గోడలు, బల్లలు, నగలు అన్నియు రబ్బరుతో చేయించి యొక మందిరము నిలిపెను. 1853లో క్లారిస్సా ఇంగ్లాండులో మరణించినది. 1855లో పారిసు ప్రదర్శనమున ఇంకను గొప్ప మందిరము కట్టెను. అందలి యప్పు తీరక ఫ్రాన్సుదేశపు ఋణస్థుల చెరసాలలో పడెను. అచ్చట నుండగనే మూడవ నెపోలియను చక్రవర్తి ప్రసాదించిన గౌరవపతకము ఆయన చేతికి వచ్చినది.

అమెరికాకు మరలిన పిమ్మట దేహము క్షీణించెను. 1860లో కుమార్తెకు ప్రాణముమీదికి వచ్చినదని విని బయలుదేరి న్యూయార్కు చేరునప్పటికి, ఆమె మరణవార్త యెదురువచ్చినది. ఆ దెబ్బకు కూలి, జూలై 1వ తేదీని అచ్చటనే కన్నుమూసెను. వయస్సు యేబదితొమ్మిది. అప్పటికి అప్పు సుమారు రెండులక్షల డాలర్లు. తరువాత పేటెంటు రాబడివలన కుటుంబము కుదుటపడినది. తండ్రి పేరే గల కుమారుడు జోళ్లు కుట్టు యంత్రములను కల్పించి ప్రసిద్ధికెక్కెను.

గాలి నింపిన టైరునకు రాబర్టు థామ్సను 1845లోనే ఇంగ్లాండులో పేటెంటు పొందెను గాని అది నాడు వ్యాపింపలేదు. 1888లో జాను డన్‌లపు బెల్‌ఫాస్టు నగరమున తన కుమారుని మూడుచక్రముల బండికై మరల కల్పించిన తరువాతనే అది లోకమంతట తిరిగినది. గుడియరు కారును చూడలేదు. 1898లో ఒహాయో రాష్ట్రమందలి ఆక్రను పట్టణమున ఫ్రాంకు సైబర్లింగను నతడు టైర్ల కంపెనీ స్థాపించి, గౌరవార్థము ఆయన పేరు పెట్టెను. గుడియరు వంశీకులకు అందులో పాలు లేదు. న్యూహేవెనులోని గ్రోవు వీధి శ్మశానవాటికలో ఆయన సమాధి నేటికిని గలదు. చలికాలమున దానిపై మంచు పేరుకొనియుండును.